బడిలో ఇంగ్లీషు, చేతిలో ఫోను

హిందూపురం చింతపండు మార్కెట్టు చూశారా? అక్కడ తెలుగు వినపడుతుంది. కన్నడం వినపడుతుంది. ఉర్దూ వినపడుతుంది. బడి మొహం చూడని అవ్వ కూడా మూడు భాషల్లో బేరం చేస్తుంది. ఆమెకు ఇన్ని భాషలు ఎట్లా వచ్చాయి? విన్నది. పలికింది. తప్పు పలికితే ఎదుటివారు నవ్వారు, సరిదిద్దారు. మళ్ళీ పలికింది.

అదే ఊళ్ళో హైస్కూలు పిల్లకు ఇంగ్లీషు రాదు. ఎందుకని?

ఇంగ్లీషు ఇంట్లో వినపడదు. వీధిలో వినపడదు. సంతలో వినపడదు. బడిలో రోజుకు ఒక పీరియడు ఉంటుంది. తరగతిలో నలభై మంది పిల్లలు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరిని ఒక్క నిమిషం చదివిస్తే చాలు, పీరియడు అయిపోతుంది. ఇక పాఠం ఎప్పుడు చెప్పాలి?

ఇంకో చిక్కు కూడా ఉంది. అక్షరాలు కొత్తగా నేర్చుకున్న మనకు అది బాగా అర్థమవుతుంది. తెలుగుకు 56 అక్షరాలు. ఇంగ్లీషుకు 26 అక్షరాలే. తక్కువే కదా అనుకుంటాం. కానీ తెలుగులో ఎట్లా రాస్తే అట్లా చదువుతాం. ఇంగ్లీషులో అట్లా కాదు. ‘పుట్’ అనే మాట ఉంది. ‘బట్’ అనే మాట ఉంది. రెండింటిలోనూ నడిమి అక్షరం ఒకటే. దాని పేరు ‘యు’. ఒక చోట ‘ఉ’ అని పలుకుతుంది. ఇంకో చోట ‘అ’ అని పలుకుతుంది. ‘నైఫ్’ అంటే చాకు. ఆ మాట మొదట్లో ‘కె’ అనే అక్షరం ఉంటుంది. అది పలకదు. పెండ్లిలో పెద్దమనిషి మాదిరి ఊరికే కూర్చుంటుంది.

కాబట్టి ఇంగ్లీషు చూస్తే చాలదు. వినాలి. పలకాలి. పలికింది సరో కాదో ఎవరైనా చెప్పాలి. ఇంట్లో చెప్పేవారు లేరు. ఇక్కడే ఫోను పనికి వస్తుంది.

ధర్మవరంలో ఒక ఇంగ్లీషు టీచరు ఉన్నారనుకుందాం. తొమ్మిదో తరగతికి చెబుతారు. ఆమె ఏం చేస్తారో చూద్దాం.

ముందు పాఠం తానే చదువుతారు. కథ తెలుగులో చెబుతారు. తర్వాత తరగతిలోని పెద్ద తెర మీద అదే పాఠం పెడతారు. ఒక మాట మీద వేలు పెడితే తెర ఆ మాట పలుకుతుంది. పిల్లలు వెంట పలుకుతారు. ఆ తర్వాత పిల్లలను ఐదుగురిని ఒక జట్టుగా కూర్చోబెడతారు. ఒక జట్టు తెర దగ్గర ఉంటుంది. ఒక జట్టు టీచరు దగ్గర ఉంటుంది. మిగిలినవారు నోటు పుస్తకంలో రాస్తారు. తర్వాత జట్లు మారతాయి.

తెర మీద ప్రశ్నలు వస్తాయి. ఖాళీ పూరించాలి. జవాబు సరైతే పచ్చగా కనపడుతుంది. తప్పయితే ఎర్రగా కనపడుతుంది. అంతా వెంటనే తెలుస్తుంది.

వెంటనే తెలిస్తే ఏం లాభం? ధర్మవరం అక్కలకు చెప్పాల్సిన పని లేదు. మగ్గం మీద పోగు తెగిందనుకోండి. అప్పుడే చూస్తే అప్పుడే అతుకుతాం. చీర సగం నేసినాక చూస్తే? పిల్లల నోటు పుస్తకాలు కూడా అంతే. టీచరు నలభై పుస్తకాలు దిద్ది ఇచ్చేసరికి వారం అవుతుంది. అప్పటికి పిల్ల అదే తప్పు ఇరవైసార్లు రాసి ఉంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఫోను నవ్వదు. పదిమందిలో చదవడానికి సిగ్గుపడే పిల్ల ఫోను ముందు పదిసార్లు చదువుతుంది.

కానీ ఫోనుకు తెలియనివి చాలా ఉన్నాయి. ఒక పిల్ల ‘షి గో’ అని రాసింది. ‘ఆమె పోతుంది’ అని దాని భావం. ‘షి గోస్’ అని రాయాలి. తెర ఎర్రగా చూపింది. పిల్ల మార్చింది. తర్వాతి ప్రశ్నలో ‘దే గోస్’ అని రాసింది. ‘వాళ్ళు పోతారు’ అని దాని భావం. మళ్ళీ ఎరుపు! మొదట ‘గోస్’ సరి అన్నావు, ఇప్పుడు తప్పంటావా అని పిల్ల విసుక్కుంది.

అప్పుడు టీచరు దగ్గరికి వచ్చారు.

“తెలుగులో ‘ఆమె పోతుంది’ అంటాం. ‘వాళ్ళు పోతుంది’ అంటామా?”

“అనం మేడమ్. ‘పోతారు’ అంటాం.”

“ఇంగ్లీషులోనూ అంతే. మనిషి మారితే మాట తోక మారుతుంది. ఒక్కరైతే ‘షి గోస్’. చాలామంది అయితే ‘దే గో’.”

పిల్లకు తెలిసింది. పోగు తెగిందని ఫోను చెబుతుంది. ఎందుకు తెగిందో టీచరే చెప్పాలి.

కొందరు పిల్లలు తెలివిగా ఇంకో పని చేస్తారు. నాలుగు జవాబులు ఉంటే వరసగా నాలుగూ నొక్కుతారు. ఏదో ఒకటి పచ్చగా వస్తుంది కదా! అందుకే ఈ టీచరు చివర్లో తెర ఆపేస్తారు. అదే ప్రశ్న కాగితం మీద రాయమంటారు. ఎవరికి వచ్చిందో అప్పుడు బయటపడుతుంది.

ఈ సాధనాలు ఎప్పుడు వచ్చాయి? 2017లో కేంద్ర ప్రభుత్వం ‘దీక్ష’ మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకంలో నలుపు తెలుపు గళ్ళ గుర్తు ఉంటుంది. ఫోను కెమెరాతో చూస్తే ఆ పాఠం తెరుచుకుంటుంది. దీనికి డబ్బు కట్టాల్సిన పని లేదు. 2019లో గూగుల్ సంస్థ ‘బోలో’ అనేది తెచ్చింది. పిల్ల గట్టిగా చదివితే అది వింటుంది. తప్పు పలికితే దిద్దుతుంది. తర్వాత దానికి ‘రీడ్ ఎలాంగ్’ అని పేరు మార్చారు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. అప్పుడు సప్తగిరి టీవీలో పాఠాలు వచ్చాయి. ఫోను లేని ఇళ్ళలో అదే దిక్కయింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది. టీచర్లకూ ఇచ్చింది. అన్నీ కలిపి సుమారు 5 లక్షలు. పాఠాలు వాటిలోనే నింపి ఇచ్చారు. నెట్ లేకపోయినా తెరుచుకునేవి. ఆ పాఠాలు తయారుచేసిన బైజూస్ కంపెనీ 2024లో దివాలా కేసులో చిక్కుకుంది. కంపెనీలు వస్తాయి, పోతాయి. బడి, టీచరు ఉండాలి.

ఇక తల్లుల సంగతికి వద్దాం. 2025 జూలై 10న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. మన శ్రీ సత్యసాయి జిల్లాలో కొత్తచెరువు బడికి ముఖ్యమంత్రి వచ్చారు. ఇలాంటి సమావేశాల్లో తల్లులు ఏం అడుగుతారు? మగ్గం నేసే ఒక అమ్మ ఇట్లా అడిగిందనుకోండి.

“మేడమ్, మా పాప రాత్రి పదైనా ఫోను వదలదు. అడిగితే ఇంగ్లీషు అంటాది. నాకేం తెలుస్తాది?”

“గట్టిగా చదవమనండమ్మా. ఫోను నడింట్లో పెట్టుకోమనండి. గొంతు వినపడితే చదువుతున్నట్టు. గొంతు ఆగిపోతే వేరే ఏదో చూస్తున్నట్టు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.”

“ఫోను ఇంటికి ఒకటే ఉండాది మేడమ్. ఆడపిల్లకు ఫోను ఎందుకని మా ఇంటాయన కొడుక్కే ఇస్తాడు.”

“ఇద్దరికీ చెరి ఇరవై నిమిషాలు పెట్టండి. గడియారం మీ చేతిలో ఉండాలి.”

ఆ అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది.

“పాప పది తప్పితే పెండ్లి చేసేద్దాం అంటాండారు మా అత్తోళ్ళు. ఇంగ్లీషు ఒక్కటే దానికి భయం.”

“ఇంగ్లీషులో వందకు 35 వస్తే చాలమ్మా. ఒకవేళ తప్పినా ఎండాకాలంలోనే మళ్ళీ పరీక్ష పెడతారు. అది రాసి పాసైతే అదే ఏడాది ఇంటరులో చేరవచ్చు. ఒక సబ్జెక్టు తప్పితే చదువు ముగిసినట్టు కాదు. 18 ఏళ్ళు నిండకుండా పెండ్లి చేస్తే నేరం. అత్తగారికి ఈ రెండు మాటలూ చెప్పండి. మీరు చెప్పలేకపోతే నేను ఇంటికి వచ్చి చెబుతాను.”

“నేనే చెప్తా మేడమ్. మీరు రాసియ్యండి. చదివి వినిపిస్తా.”

ఆమె రాసిచ్చింది చదవగలదు. ఇంకా చాలా చేయగలదు. 2020 నుంచి మన రాష్ట్రంలో లెక్కలు, సైన్సు లాంటి పుస్తకాలు రెండు భాషల్లో అచ్చువేశారు. ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు. తల్లి తెలుగు పక్క చదవవచ్చు. పిల్ల ఇంగ్లీషు పక్క చదవవచ్చు. ‘ఈ మాటను ఇంగ్లీషులో ఏమన్నారు?’ అని తల్లి అడగవచ్చు. పిల్ల వెతికి చెబుతుంది. అమ్మకు చెప్పాలంటే తాను తెలుసుకోవాలి కదా!

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఇలాంటి చోట ఉద్యోగానికి దరఖాస్తు చదవాలంటే ఇంగ్లీషు కావాలి. చీరల పార్సిలు మీద దూరపు అడ్రసు రాయాలన్నా కావాలి. ఆడపిల్ల ఇవి తానే చదివితే ఇంకొకరి వెనక నిలబడాల్సిన పని లేదు.

ఫోను విషయంలో కొన్ని జాగ్రత్తలు కూడా తెలుసుకోండి. కొందరు ఇంటికి వచ్చి ఇంగ్లీషు కోర్సు అమ్ముతారు. కంతుల్లో కట్టమంటారు. సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదవండి. మీకు చదువు వచ్చు. ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు ఎవరికీ చెప్పకండి. పిల్ల ఫొటో, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు అడిగితే ఎందుకని అడగండి. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని 2023లో చేసిన చట్టంలో రాశారు. ఫోను ద్వారా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

చెప్పండి:
తప్పు వెంటనే తెలిస్తే ఏం లాభం? మీ పనిలో నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.
ఫోను చేయలేని పని, టీచరు చేసే పని ఏది?
మీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఎంతసేపు ఉంటుంది? ఒక కాగితం మీద రాయండి.

చేయండి:
ఇంట్లో రెండు భాషల పుస్తకం ఉంటే తెరవండి. తెలుగు పక్క ఐదు వరసలు గట్టిగా చదవండి. ఎదురు పక్క మీ పాపతోనో బాబుతోనో చదివించండి. మీకు నచ్చిన మూడు ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో మీ పలక మీద రాసుకోండి.