పుట్టబోయే బిడ్డ పక్షాన నీకో మాట

రవీ,

కోడలికి ఐదో నెల వచ్చిందని తెలిసి సంతోషించాను. ఇక ఇంట్లో సిగరెట్ వెలిగించొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. కోప్పడి కాదు నాయనా, కారణం చెప్తాను. గదిలో చేరేది నువ్వు వదిలే పొగ ఒక్కటే కాదు, వేళ్ల మధ్య కాలుతున్న కొసనుంచి లేచేదే ఎక్కువ. అందులోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువు కంటే 200 రెట్లు గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మాయ దాటి బిడ్డ రక్తంలోకీ వెళ్తుంది, తల్లి రక్తంలో కన్నా అక్కడే ఎక్కువగా పేరుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. అంటే సగంమందికి ప్రాణవాయువు మోసే శక్తి ముందే తక్కువ. ఉన్న ఆ కాస్తలోనూ పొగ వాటా అడుగుతుంది. కోడలు రోజూ ఐరన్ మాత్ర మింగుతున్నది దేనికోసమో, ముందుగదిలో నువ్వు చేస్తున్నది దానికి సరిగ్గా ఎదురు.

కిటికీ తెరిచే కాలుస్తున్నానంటావు. అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక ఈ సంగతే పరిశీలించి, గాలి ఆడేలా చేసినంత మాత్రాన పొగ ప్రమాదం పోదనీ, ఇంత పీలిస్తే ఫర్వాలేదనే మోతాదే లేదనీ తేల్చింది. పక్కవాళ్ల పొగవల్ల పుట్టే బిడ్డ బరువు తగ్గేది సగటున కొద్దిగానేనని కూడా అదే నివేదిక చెప్పింది, దాచను. కానీ రెండున్నర కిలోల అంచున ఉన్న బిడ్డకు ఆ కొద్దే చాలా ఎక్కువ. పుట్టాక కూడా ఆ పొగ వదలదు: పసివాళ్లు నిద్రలో హఠాత్తుగా చనిపోవడానికి, ఊపిరితిత్తుల జబ్బులకు అది కారణమవుతుంది. మా నాన్న కాల్చినా మేం బాగానే పుట్టామంటారు చాలామంది. ఆ మాట అనగలిగేది బాగా పుట్టి బతికినవాళ్లే కదా.

2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. ఆ చట్టం ఇంటి గుమ్మం దాటి లోపలికి రాదు. 2016-17లో జరిగిన పొగాకు వాడకం సర్వేలో దేశంలోని పెద్దవాళ్లలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నట్టు తేలింది. ఆ అమ్మాయి నోరు తెరిచి అడగలేదని ఇబ్బంది లేదనుకోకు. అత్తమామలున్న ఇంట్లో ఆ మాట అనడం ఎంత కష్టమో నీకు తెలుసు. వచ్చిన స్నేహితులకు కూడా నువ్వే చెప్పు, ఆమెతో చెప్పించకు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చెయ్యి, డబ్బు పడదు. మానేదాకా గేటు బయటికి వెళ్లి కాల్చు, చొక్కా మార్చుకుని ఆమె దగ్గరికి వెళ్లు.

మీ పెదనాన్న