ఏపీ బయో: ట్యూటర్ ఎదుట కూర్చుని రాయాల్సిన పరీక్ష

అమెరికాలో హైస్కూలు చదువుతున్న మన పిల్లల్లో డాక్టరు కావాలనో, బయోటెక్నాలజీ చదవాలనో కోరిక ఉన్నవాళ్లు టెన్త్ గ్రేడ్‌లోనో ఆ తర్వాతో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ బయాలజీ తీసుకుంటారు. వాళ్ల నోట అది ఏపీ బయో. కాలేజ్ బోర్డ్ ఏటా మే నెలలో పెట్టే ఈ పరీక్షకి ట్యూటర్‌ని మాట్లాడుకోవడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. అందులో తప్పేమీ లేదు, మంచి ట్యూటర్ దొరికితే పిల్లల అదృష్టమే. నా బాధంతా ఆ గంట గడిచే తీరు గురించి. ట్యూటర్ స్లైడ్లు మారుస్తూ చెప్పుకుపోతారు, పిల్లలు తలూపుతూ వింటారు. అంతా అర్థమైనట్టే ఉంటుంది. తీరా మార్చిలో ప్రాక్టీస్ పేపరు రాసి చూసుకుంటే సగం మార్కులు ఎక్కడ జారిపోయాయో ఇద్దరికీ అంతుపట్టదు.

పరీక్ష ఎలా ఉంటుందో చూస్తే సంగతి తెలుస్తుంది. మొత్తం 3 గంటలు. మొదటి 90 నిమిషాల్లో 60 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, తర్వాతి 90 నిమిషాల్లో 6 రాత ప్రశ్నలు. తుది స్కోరులో రెండిటిదీ సగం సగం వాటా. రాత ప్రశ్నల్లో రెండు పెద్దవి, ఒక్కోటి 9 పాయింట్లు. నాలుగు చిన్నవి, ఒక్కోటి 4 పాయింట్లు. తప్పు జవాబుకు మార్కు కోయరు. సిలబస్ 8 యూనిట్లు, జీవరసాయనంతో మొదలై ఎకాలజీతో ముగుస్తుంది. బరువు ఎక్కువగా ఉన్నది నేచురల్ సెలెక్షన్ యూనిట్‌కి, మల్టిపుల్ చాయిస్‌లో దానిది 13 నుంచి 20 శాతం.

ఎంసెట్, నీట్ కోచింగులు చూసి పెరిగిన తల్లిదండ్రులకు ఈ పరీక్ష గుణం వెంటనే పట్టుబడదు. నీట్‌లో 180 ప్రశ్నలకు 90 బయాలజీవే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వాక్యం చదివినవాడికి అక్కడ లాభం ఉంది. ఏపీ బయో కూడా ఒకప్పుడు జ్ఞాపకశక్తి మీదే బాగా ఆధారపడేది. 2012-13 విద్యా సంవత్సరంలో కోర్సును తిరగరాసి, కంఠస్థం చేయాల్సిన భారం తగ్గించి, ప్రయోగాన్ని అర్థం చేసుకునే నేర్పుకి పెద్దపీట వేశారు. ఇప్పుడు పేపరు తెరిస్తే పిల్లలు ఎన్నడూ పేరు వినని ఒక చేప గురించో, ఏదో బ్యాక్టీరియా గురించో ఒక ప్రయోగం ఉంటుంది, పక్కన ఒక గ్రాఫో పట్టికో ఉంటుంది. తెలిసిన సూత్రాన్ని తెలియని చోట వాడి చూపించమంటారు. పాఠం మరోసారి వింటే ఆ నేర్పు రాదు. అందుకే ట్యూటర్ గంటలో ఎక్కువ భాగం పిల్లలు రాయాలి, ట్యూటర్ చదవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మైటోకాండ్రియా లోపలి పొర గుండా ప్రోటాన్లు ఎక్కడపడితే అక్కడ దాటిపోయేలా చేసే ఒక రసాయనాన్ని కణాలకు ఇచ్చారనుకోండి. ఏటీపీ తయారీ ఏమవుతుంది, ఆక్సిజన్ వాడకం ఏమవుతుంది, ఎందుకు? శ్రద్ధగా చదివే అమ్మాయి కూడా తరచూ ఇలా రాస్తుంది: మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్, దాని పొర పాడైంది కాబట్టి శ్వాసక్రియ ఆగిపోతుంది, ఏటీపీ రాదు, ఆక్సిజన్ అక్కర్లేదు. ఇది చూసి కొందరు ట్యూటర్లు మళ్లీ గ్లైకాలిసిస్ నుంచి మొదలుపెడతారు, ఇరవై నిమిషాలు అయిపోతాయి. ఆ అమ్మాయికి గ్లైకాలిసిస్ వచ్చు. ఆమె తడబడింది ఒకే ఒక్క మలుపులో.

మంచి ట్యూటర్ ఆ మలుపు దగ్గరే ఆగి అడుగుతారు. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి బయలుదేరాయి? చివర్లో వాటిని అందుకునేది ఎవరు? ఈ రసాయనం వల్ల ఆ దారికి ఏమైనా అడ్డం వచ్చిందా? అమ్మాయి ఆలోచిస్తుంది. ఎలక్ట్రాన్ల దారి తెరిచే ఉంది, చివర్లో ఆక్సిజన్ వాటిని అందుకుంటూనే ఉంది. కాబట్టి ఆక్సిజన్ వాడకం ఆగదు. ఆగిపోయింది మరొకటి: పొరకు ఒకవైపు ప్రోటాన్లు పోగుపడటం. ఆ తేడా నిలవకపోతే ఏటీపీ సింథేజ్ గుండా ప్రవాహం తగ్గుతుంది, ఏటీపీ తగ్గుతుంది. అంతటితో అయిపోలేదు. ప్రోటాన్లను తోయడానికి ఇప్పుడు ఎదురు ఒత్తిడి లేదు కనుక ఎలక్ట్రాన్ల పరుగు ఇంకా పెరుగుతుంది, ఆక్సిజన్ ఖర్చు కూడా పెరుగుతుంది. ఏటీపీగా మారాల్సిన శక్తి వేడిగా పోతుంది. పసిపిల్లల ఒంట్లో ఉండే బ్రౌన్ ఫ్యాట్ వెచ్చదనం పుట్టించేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. ఆ మాట చెప్పినప్పుడు పిల్లల కళ్లు వెలుగుతాయి, చెప్పాల్సిన సమయమూ అదే. ఆ తర్వాత అదే జవాబును ఆమె చేత మూడు వాక్యాల్లో తిరిగి రాయించాలి. ఇలా రెండు ప్రశ్నలు జరిగితే గంట నిండినట్టే.

జవాబు తెలిసీ పాయింట్లు పోగొట్టుకునే చోటు ఇంకొకటుంది. ప్రశ్నలో ఏ క్రియ వాడారో పిల్లలు చూడరు. ఐడెంటిఫై అంటే ఒక్క మాటలో చెప్పినా చాలు. డిస్క్రైబ్ అంటే ఎలా ఉందో చెప్పాలి. ఎక్స్‌ప్లెయిన్ అన్నారంటే ఎలా జరిగిందో, ఎందుకు జరిగిందో రాయకపోతే పాయింటు రాదు. జస్టిఫై అంటే సాక్ష్యం చూపి, దాన్ని సూత్రంతో ముడిపెట్టాలి. ‘ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ రేటు పెరిగింది’ అన్నది గ్రాఫును వర్ణించడం మాత్రమే, కారణం అందులో లేదు. పేజీ నిండా రాసి కూడా సున్నా తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఇందుకు కావాల్సిన సరంజామా అంతా ఉచితం. పాత సంవత్సరాల రాత ప్రశ్నలు, వాటిని దిద్దే స్కోరింగ్ గైడ్‌లైన్లు, అసలు విద్యార్థులు రాసిన నమూనా జవాబులు, చీఫ్ రీడర్ నివేదికలు కాలేజ్ బోర్డ్ సైట్‌లోనే ఉన్నాయి. ముందు పిల్లలే గైడ్ పెట్టుకుని తమ జవాబు దిద్దుకోవాలి, తర్వాత ట్యూటర్ దిద్దాలి. ఇద్దరి లెక్క ఎక్కడ తేడా వచ్చిందో ఆ రోజు పాఠం అదే. ట్యూటర్‌కి డబ్బు పెట్టలేని ఇళ్లలో ఇద్దరు స్నేహితులు ఒకరి పేపరు ఒకరు దిద్దుకున్నా చాలా మేలు జరుగుతుంది. ఏపీ క్లాస్‌రూమ్‌లోని వీడియోలకూ రుసుము లేదు.

లెక్కల భాగాన్ని చివరికి నెట్టేయకండి. ఫార్ములా షీటు ఇస్తారు, క్యాలిక్యులేటర్ ఉంటుంది, కాబట్టి భయం గుణకారం గురించి అక్కర్లేదు. వచ్చిన సంఖ్య ఏం చెబుతోందన్నదే సమస్య. 100 మొక్కల్లో రెండు రకాలు 75, 25 చొప్పున రావాలనుకుంటే 68, 32 వచ్చాయి. కై స్క్వేర్ విలువ సుమారు 2.61. ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కి హద్దు 3.84. విలువ హద్దు దాటలేదు కనుక నల్ హైపోథిసిస్‌ని తోసిపుచ్చలేం. దాంతో అది నిజమని రుజువైపోయిందా? కాలేదు. ఈ ఒక్క తేడాను పిల్లల చేత సొంత మాటల్లో చెప్పించగలిగిన ట్యూటర్‌ని వదులుకోవద్దు. గ్రాఫు గీసేటప్పుడు అక్షాల పేర్లు, యూనిట్లు, సమానమైన స్కేలు మరచిపోవడం కూడా మామూలే, అవి చేతికి అలవాటు కావాల్సినవి.

ట్యూటర్‌ని ఎంచుకునేటప్పుడు డిగ్రీలు అడుగుతారు, అడగండి. అంతకన్నా మొదటి క్లాసులో ఏం చేశారో గమనించండి. పిల్లల చేత ఒక్క ప్రశ్నైనా రాయించకుండా నెల ప్లాన్ ఇచ్చేవారు పిల్లలను చూడకుండానే మందు రాస్తున్నారు. అత్యధిక స్కోరైన 5 గ్యారంటీ అని చెప్పేవారికి దూరంగా ఉండండి. స్కూల్ ల్యాబ్ రిపోర్టు తామే రాసిపెట్టే ట్యూటర్ అయితే అసలే వద్దు. అది మోసం, పైగా పిల్లలకు అత్యంత అవసరమైన సాధన చేజారిపోతుంది. ఈ కోర్సులో కనీసం నాలుగో వంతు బోధన సమయం ల్యాబుకే కేటాయించాలి. జూమ్‌లో ట్యూటర్ ఇవ్వలేనిది అదొక్కటే. అందుకని ల్యాబ్ నోట్‌బుక్‌ను ట్యూటర్ దగ్గరకు తీసుకెళ్లాలి: ఇక్కడ కంట్రోల్ ఏది, దీన్నే ఎందుకు పెట్టాం, ఇంకోలా చేస్తే ఏమయ్యేది అని మాట్లాడుకోవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, సెప్టెంబరు, అక్టోబరుల్లో వారానికో గంట చాలు. రోజూ ట్యూషన్ పెడితే సొంతంగా చదివే వేళ మిగలదు. సెల్యులార్ ఎనర్జెటిక్స్, జీన్ ఎక్స్‌ప్రెషన్ నడిచే వారాల్లో ఇంకో గంట కలపండి, పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది వాటి దగ్గరే. ఏప్రిల్‌లో కొత్త పాఠాలు ఆపేసి పూర్తి పేపర్లు రాయించాలి. అసలు పరీక్షలో మల్టిపుల్ చాయిస్‌ను కాలేజ్ బోర్డ్ వారి బ్లూబుక్ యాప్‌లో చేస్తారు. రాత ప్రశ్నలు తెరమీద చదివి, జవాబులు కాగితం బుక్‌లెట్‌లో పెన్నుతో రాస్తారు. ఏడాదంతా కీబోర్డు మీద టైప్ చేసిన పిల్లలకు గంటన్నర సేపు చేత్తో రాయడం కష్టమే, ఆ సాధన ఇంట్లోనే జరగాలి.

స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. ఎంత స్కోరుకి కాలేజీ క్రెడిట్ ఇస్తారన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది. మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి: చాలా మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌తో సరిపెట్టుకోవు, కాలేజీలో ల్యాబుతో సహా బయాలజీ చదివి ఉండాలంటాయి. కనుక కోర్సు ఎగ్గొట్టడానికని కాక, రేపటి కోర్సుకు పునాదిగా చదివితేనే ఈ శ్రమకు ఫలితం.

ఇక హైదరాబాదులోనో విశాఖలోనో ఎమ్మెస్సీ బాటనీ, జువాలజీ, బయోటెక్నాలజీ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవారికి ఈ ఆన్‌లైన్ ట్యూషన్ మంచి దారే. సబ్జెక్టు మీ దగ్గర పుష్కలంగా ఉంది. వేళలు మాత్రం కష్టం: వేసవి కాలమానంలో న్యూజెర్సీలో సాయంత్రం 7 అంటే మనకు తెల్లవారుజామున 4:30. మనం చదువుకున్న పద్ధతిలో నోట్సు రాయించబోతే అక్కడి పిల్లలు నిలవరు. మొదటి విద్యార్థిని తీసుకునే ముందు ఇటీవలి పేపరు ఒకటి దించుకోండి, 6 ప్రశ్నలూ 90 నిమిషాల్లో చేత్తో రాయండి, గైడ్ పెట్టుకుని మీ జవాబులు మీరే నిక్కచ్చిగా దిద్దుకోండి.