జెడ్పీ నుంచి అసెంబ్లీ దాకా: బాలయోగి

కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ అంబాజీపేట పి.గన్నవరం (ఎస్సీ) అసెంబ్లీ స్థానంలో, అమలాపురం (ఎస్సీ) లోక్‌సభ పరిధిలో ఉంది. ఈ లోక్‌సభ సీటు పేరెత్తితే పరీక్షల్లో ముందు గుర్తుకు రావాల్సింది గంటి మోహనచంద్ర బాలయోగి.

1951 అక్టోబర్ 1న యెదుర్లంకలో పుట్టారు. లాయరు. మండల వ్యవస్థ వచ్చిన కొత్తలో, 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు. 1991లో తెలుగుదేశం ఎంపీ.

పరీక్ష రాసే అభ్యర్థులు తికమకపడేది 1996 దగ్గరే. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలో ఓడిపోయారు. అదే ఏడాది ముమ్మిడివరం ఉపఎన్నికలో ఎమ్మెల్యేగా గెలిచి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. అంటే పార్లమెంటు ముందు, అసెంబ్లీ తర్వాత. మామూలుగా ఇది తిరగబడి ఉంటుంది కదా! 1998లో మళ్లీ ఎంపీ. మార్చి 24న లోక్‌సభ స్పీకర్. వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో (269–270) కూలిన 1999 ఏప్రిల్ 17న సభాపతి ఆయనే.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. యానాం–యెదుర్లంక వారధికి ఆయన పేరే పెట్టారు.

తొలి దళిత స్పీకర్ ఈయనే. తొలి తెలుగు స్పీకర్ మాత్రం మాడభూషి అనంతశయనం అయ్యంగార్.