మూతపడిన ఫ్యాక్టరీ నేల మీద ఇల్లు కట్టవచ్చునా?

పిల్లలూ! మన కురిచేడులో రైలెక్కితే కొద్దిసేపట్లో మార్కాపురం చేరుకుంటాం. మన తాతల కాలం నుంచి ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు అక్కడివే. ఆ గనుల దగ్గర కోసి పారేసిన రాతి పెచ్చులు గుట్టలుగా పడి ఉంటాయి. ఒకనాడు తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఫ్యాక్టరీ మూతపడితే ఆ స్థలం ఇల్లు లేనివాళ్ళకి ఇవ్వొచ్చు కదండీ?" అని అడిగింది.

ఇవ్వవచ్చు. అయితే ముందుగా మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి.

మొదటి ప్రశ్న: నేల గట్టిదేనా?

ఒక గాజుగ్లాసు నిండా రాతి పెచ్చులు పోయండి. గ్లాసు నిండినట్లే కనిపిస్తుంది. ఇప్పుడు కొలిచి నీళ్ళు పోయండి. మూడోవంతు నుంచి సగం దాకా నీళ్ళు పడతాయి. అంటే అంత భాగం ఖాళీయే అన్నమాట! నీళ్ళు వంచేసి గ్లాసును బల్లమీద నెమ్మదిగా తట్టండి. పెచ్చులు సర్దుకొని కిందికి దిగుతాయి.

పెచ్చులతో పూడ్చిన నేల కూడా ఇంతే. 2 మీటర్ల పూడిక నూటికి 5 వంతులు దిగినా 10 సెంటీమీటర్లు కుంగుతుంది. ఇల్లంతా సమంగా కుంగితే ఒక తీరు. ఒక మూల కుంగి మరొక మూల నిలిస్తే గోడలు బీటలు వారతాయి. అందుకే పూడికను పలుచని పొరలుగా పరచి, నీళ్ళు చల్లి, రోలరుతో తొక్కిస్తారు. లేదా పునాదిని అడుగున ఉన్న గట్టినేల దాకా దింపుతారు.

రెండవ ప్రశ్న: నేల శుభ్రమైనదేనా?

ఒలికిన నూనెను మట్టిలోని బాక్టీరియా కొంతకాలానికి విడగొట్టగలవు. కాని సీసం మూలకం. దాన్ని కాల్చినా, కడిగినా, ఏళ్ళ తరబడి వదిలేసినా సీసం సీసంగానే ఉంటుంది. పాకే పసివాడు మట్టిచేతిని నోట్లో పెట్టుకుంటాడు. కడుపులోకి పోయిన సీసం వాడి మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. పలకరాతిలో మరొక ప్రమాదం ఉంది. దాని సన్నని ధూళిలోని సిలికా ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. అందుకే గుట్టలను కదిలించేముందు తడపాలి.

అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరంలో లవ్ కెనాల్ అనే కాలువలో ఒక రసాయనాల కంపెనీ 1942 నుంచి 1953 వరకు వ్యర్థాలను పూడ్చింది. తరువాత ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు పాఠశాలల బోర్డుకు అమ్మింది. అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇళ్ళు లేచాయి. క్రమంగా రసాయనాలు నేలమాళిగల్లోకి ఊరాయి. 1978లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చింది.

కాబట్టి స్థలాన్ని గళ్ళుగా విభజించి, ప్రతి గడిలో వేరువేరు లోతుల నుంచి మట్టి తీసి పరీక్షించాలి. భూగర్భ జలాన్నీ పరీక్షించాలి. చెడిన మట్టిని తొలగించాలి, లేదా దానిపై మంచి మట్టితో మందంగా కప్పు వేయాలి.

మూడవ ప్రశ్న: ఆ ఇళ్ళు ఎవరికి?

బొంబాయి బట్టల మిల్లుల్లో మరాఠీలతోపాటు తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు కూడా ఎందరో పనిచేశారు. 1982 జనవరిలో మొదలైన పెద్ద సమ్మె తరువాత అనేక మిల్లులు మూతపడ్డాయి. మిల్లు స్థలంలో కొత్త కట్టడాలు కట్టాలంటే సుమారు మూడోవంతు ఖాళీస్థలాలకు, మూడోవంతు సామాన్యుల ఇళ్ళకు ఇవ్వాలని, మిగిలినది యజమానిదని 1991లో నియమం వచ్చింది. 2001లో దాన్ని మార్చారు. కట్టడాలు లేని నేలను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలన్నారు.

ఒక లెక్క చేద్దాం. మిల్లు స్థలం 21 ఎకరాలు, అందులో షెడ్ల కింద 12 ఎకరాలు అనుకోండి. పాత నియమం ప్రకారం ఇళ్ళకు 7 ఎకరాలు. కొత్త నియమం ప్రకారం 9 ఎకరాలలో మూడోవంతు, అంటే 3 ఎకరాలే! ఈ మార్పు చెల్లుతుందని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2012లో మిల్లు కార్మికులకు లాటరీ తీసినప్పుడు ఇళ్ళు దాదాపు 7 వేలు, దరఖాస్తులు లక్షకు పైగా. ఒక్కొక్క ఇల్లు 225 చదరపు అడుగులు. మీ తరగతి గదిని కొలిచి పోల్చి చూడండి.

చూశారా! ఒక్క మాట మారితే ఎన్ని కుటుంబాలకు గూడు తప్పిపోతుందో! మట్టిని పరీక్షించడం ఎంత ముఖ్యమో, నియమాన్ని చదివి లెక్క కట్టడమూ అంతే ముఖ్యం. మీ ఊళ్ళో మూతపడిన మిల్లు గాని, ఫ్యాక్టరీ గాని ఉంటే అక్కడ ఏం తయారయ్యేదో, వ్యర్థాలు ఎక్కడ పోసేవారో పెద్దలనడిగి రాసుకోండి. ఏ పరీక్షకైనా అదే మొదటి మెట్టు.