ముంగిట పరచిన దిమ్మలు – గృహస్థుని హక్కులు

ప్రశ్న: మా ఇంటి ముంగిట కారు నిలుపుటకు పేవర్ బ్లాకులు పరపించితిని. ఒక వానకాలము గడచునప్పటికే కొన్ని కుంగినవి, కొన్నిటి అంచులు విరిగినవి. దిమ్మలదే లోపమని మేస్త్రి, పరచుటలోనే లోపమని అమ్మినవారు చెప్పుచున్నారు. నేనెవరి నడుగవలెను?
— ఒక పాఠకుడు, విజయపురి సౌత్

సమాధానము: ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో కృష్ణయొడ్డున స్నానఘట్టమును పలనాటి సున్నపురాతి పలకలతో నిర్మించిరి, మొన్నమొన్నటివరకు మాచర్ల నాపరాయియే మన ముంగిళ్లకు ఆధారము, ఆ రాతి మంచిచెడ్డలను గృహస్థుడు తట్టిచూచి గ్రహించెడివాడు. అచ్చులో పోసిన కాంక్రీటు దిమ్మ బలము కంటికి తెలియునది కాదు గనుక, ఇచట వ్రాతయే సాక్ష్యము కావలయును.

ఐ.ఎస్. 15658 అను భారతీయ ప్రమాణము, 2006 నాటి రూపమున, వాహనములు తిరుగని ఆవరణలకు 50 మిల్లీమీటర్ల మందముగల ఎం-30 గ్రేడు దిమ్మలను, కార్లు నిలుపు తావులకు 60 మిల్లీమీటర్ల ఎం-35 దిమ్మలను సూచించి, అవి పీల్చు నీరు సగటున 6 శాతమునకు మించరాదని విధించినది. అయినను, దిమ్మ యెంత గట్టిదైనను, అడుగున కంకరను దిమ్మిసకొట్టక, ఇసుక పొరను సమముగా పరువక, అంచులకు కర్బు కట్టక, నీరు పోవుటకు వాలు చూడక పరచినచో ముంగిలి కుంగక మానదు. కుంగుట సాధారణముగా పనిలోని లోపమును, పెళుసుగా విరుగుట దిమ్మలోని లోపమును సూచించును.

2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మొదటిది సేవాలోపము, రెండవది వస్తుదోషము. కావున జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయునప్పుడు అమ్మినవారిని, గుత్తకు పనిచేసిన మేస్త్రిని ఇరువురను ప్రతివాదులుగా చేర్చుడు. మీ అజమాయిషీలో దినకూలికి పనిచేసినవారికి మాత్రమిది వర్తింపదు. దోషము పరీక్షవలన గాని తేలనిదైనచో, మీరు రుసుము చెల్లించినమీదట, జిల్లా కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపగలదు. దిమ్మలు ఏ యూరిలో కొన్నను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. లోపము కలిగిన నాటినుండి 2 ఏండ్ల గడువు. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. లోపమును సరిచేయుటకో, దిమ్మలను మార్చుటకో, సొమ్ము తిరిగి యిచ్చుటకో, నష్టపరిహారమునకో కమిషన్ ఆజ్ఞాపింపగలదు. బిల్లు నిరాకరించుటయే అనుచిత వ్యాపార పద్ధతియని చట్టము చెప్పుచున్నది. ప్రాథమిక సలహాకు 1915 నంబరున జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమును అడుగవచ్చును.

ఆ దిమ్మలను ఇప్పుడే పెకలించి మరల పరపింపకుడు. ముందు ఛాయాచిత్రములు తీయించి, విరిగిన దిమ్మలు కొన్నింటిని భద్రపరచి, ఇరువురకును స్పీడ్ పోస్టున నోటీసు పంపుడు. ఇకమీద పని పెట్టదలచినవారు దిమ్మ గ్రేడు, మందము, కంకర పొర లోతు, కుంగినచో ఎంతకాలమువరకు ఎవరు సరిచేయవలెనన్న నియమము, ఇవన్నియు బయానా ఇచ్చుటకు మునుపే కాగితముపై వ్రాయించి సంతకము చేయించుకొనవలయును. నోటిమాటపై నడచిన పనిలో న్యాయము మీ పక్షముననే యున్నను, దానిని నిరూపించు భారమును మీరే మోయవలసివచ్చును.