నోటిలో కరోనా ఆనవాళ్లు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవారు కరోనా అంటే దగ్గు, జ్వరం అని చదివి వదిలేయకూడదు. వాసన, రుచి కోల్పోవడాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జూన్ 13న లక్షణాల జాబితాలో చేర్చింది. తేదీ గుర్తుంచుకోండి.

వైరస్ ముల్లు ప్రొటీన్ కణంపై ఉండే ఏస్-2 గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ గ్రాహకాలు నాలుక పైపొరలోనూ, లాలాజల గ్రంథుల్లోనూ ఉన్నాయి. కొందరికి నోరు ఎండిపోవడానికి, లాలాజలంలో వైరస్ దొరకడానికి దీనితో సంబంధం ఉంది. ఊరగాయ కలిపిన ముద్ద మట్టిలా అనిపించిందని చాలామంది చెప్పారు. కారం నిజానికి రుచి కాదు, ట్రైజెమినల్ నాడి మోసే మంట. కొందరికి ఆ మంట కూడా తెలియలేదు. నోటిపూత, నాలుక వాపు కనిపించినా, అవి ఈ వ్యాధికే ప్రత్యేకం కావు.

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది కరోనా రోగుల్లో కనిపించిన బ్లాక్ ఫంగస్ దగ్గర. మ్యూకర్‌మైకోసిస్ అనే ఈ జబ్బు వైరస్ వ్యాధి కాదు, శిలీంధ్ర వ్యాధి, అంటువ్యాధీ కాదు. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల అతివాడకం దీనికి దారితీస్తాయి. అంగిలి నల్లబడటం, పళ్లు కదలడం నోటిలో కనిపించే గుర్తులు. మందు ఆంఫోటెరిసిన్-బి. తెలంగాణ 2021 మేలో 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద దీన్ని తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది; హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రి ప్రధాన చికిత్సా కేంద్రమైంది.

అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో వచ్చాయి.