మత్తునకు లోబడిన పిల్లవానియెడల మన నడవడి

కొన్ని సంవత్సరముల క్రిందట నాయొద్ద చదివిన యొక బాలుడు పై చదువునకై విశాఖపట్టణము పోయెను. ఒక సాయంకాలము అతని తండ్రి మా యింటికి వచ్చి, “మాస్టారూ, మా గుంటడు గంజాయి త్రాగుచున్నాడట. స్నేహితుల విందులలో ఏవో బిళ్ళలు కూడ మ్రింగుచున్నాడట. కొట్టితిని, గడప తొక్కవద్దంటిని” అని కన్నీరు పెట్టుకొనెను. మంచిపనియే చేసితివని నేనును తల యూపితిని. అది నా తప్పు. తరువాత రెండు నెలలవరకు ఆ బాలుడెక్కడ నుండెనో ఎవరికిని తెలియలేదు.

ఇది మన జిల్లాలకు దూరపు సంగతి కాదు. 2022 ఫిబ్రవరి 12వ తేదీన అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసువారు ఇంచుమించు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టించిరి. అంతయు పట్టుబడిన సరకే. మూటలు కాలినవి సరే; అప్పటికే అలవాటుపడిన పిల్లవాని నేమి చేయవలెను?

బిళ్ళల అపాయము వేరు. ఎం.డి.ఎం.ఎ. అను మందు ఒంటి వేడిమిని, గుండె వేగమును హెచ్చించును. రాత్రి యంతయు చిందులు వేయువాడు తన దేహము కాగిపోవుటను గుర్తింపడు. దొంగచాటుగ అమ్మెడి బిళ్ళలో ఏమేమి కలిసినదో అమ్మువానికే తెలియదు. ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడుచు, మూర్ఛ వచ్చి పడినవానిని ఒంటరిగ విడువరాదు. స్పృహ తప్పియు ఊపిరి ఆడుచున్నచో ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, వెంటనే 108కి ఫోను చేయవలెను. మితిమీరి నీరు త్రాగించుటయు ప్రమాదమే. మ్రింగినదేదో వైద్యునికి దాచక చెప్పవలెను. విద్యార్థులారా, ఈ మాట ముఖ్యముగ మీకే. ఆ వేళ దగ్గర నుండువారు తల్లిదండ్రులు కారు, మీరే.

గంజాయి నిత్యము త్రాగి మానినవానికి మొదటి వారమున నిద్ర పట్టదు, అన్నము సహింపదు, చిరాకు హెచ్చును. “మానితినని చెప్పి ఇట్లు కసరుచున్నాడేమి?” అని మనము మరల తిట్టుదుము. అది పొగరు కాదు. పెక్కుమందికి రెండు వారములలో తగ్గిపోవును.

పోలీసుల భయముచేత చికిత్సకు వెనుదీయువారు పలువురు. 1985 నాటి మత్తుమందుల చట్టములోని 64ఎ సెక్షను, అలవాటుపడినవాడు తనంతట తాను గుర్తింపుపొందిన చోట చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో, వాడుకకును స్వల్ప పరిమాణమునకును సంబంధించిన నేరములందు అతనికి రక్షణ నొసగుచున్నది. 14446కు ఫోను చేసినచో ఖర్చు లేకయే సలహా లభించును.

ఆ బాలుని ఇల్లు చేర్చినది నేను కాదు, తండ్రి కాదు, అతని మామ్మ. ఆమె వాలుగచేప దవడయెముకతో ప్రత్తి దువ్వుచు, ఫోను ప్రక్కన నుంచుకొని, ప్రతిదినము “తిన్నావా నాయనా?” అని అడిగెడిది. గంజాయి మాట ఎత్తలేదు, డబ్బును పంపలేదు. మొదట అతడు పలుకలేదు. కడకు ఒకనాడు తానే, “మామ్మా, నాకు నిద్ర పట్టుట లేదు” అనెను. మరునాడు తండ్రి బయలుదేరి వెళ్ళి తోడుకొని వచ్చెను.

చికిత్స మొదలైన నాలుగు నెలలకు ఒకమారు మరల జారెను. ఈసారి తండ్రి కొట్టలేదు, నాయొద్దకును రాలేదు. కొడుకును వెంటబెట్టుకొని తిన్నగా వైద్యునియొద్దకే పోయెను.